తుండుగుడ్డ కింద

నీరసం అంటే సెలైన్ పెట్టించుకోవాలి. మా నూజివీడు చుట్టుపక్కల ఎవరినడిగినా ఇదే వైద్యం చెబుతారు. మా ఆయన నారాయణరావుగారు ఆ చలికాలమంతా వీధి చివర ఆరెంపీ డాక్టరు దగ్గర బల్లెక్కి పడుకుని సీసా మీద సీసా ఎక్కించుకున్నారు. బలానికని ఓ సూది, ఆకలికని ఓ సిరప్పు. ఆ డాక్టరు మంచివాడే పాపం, అడిగినవాళ్ళకి అడిగింది ఇస్తాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. అన్నం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరిపి లేచిపోయే మనిషిది, తెల్లారినా గోడకేసి తిరిగి పడుకునే మనిషిది నీరసమా? అడిగితే, ఏం లేదు రాధా, కాస్త నీరసం అనేవారు. డాక్టరుకీ అదే మాట, మార్కెట్లో పలకరించినవాళ్ళకీ అదే మాట.

ఏమైందో నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. మాకు ఒక్కతే కూతురు, అక్షయ. డిగ్రీ రెండో ఏడు చదువుతుండేది. వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చింది. విజయవాడ తీసుకెళ్ళాం. వారం తిరక్కుండానే ఇంటికి తెచ్చేశాం. ఆ సంగతి ఇంతకంటే చెప్పను, నన్నడగొద్దు. పరామర్శకి వచ్చినవాళ్ళందరూ ఆయన్ని పట్టుకుని ఏడ్చారు. నేను కాఫీలు కలిపాను. అంతమంది జనానికి ఎవరో ఒకరు కలపాలి కదా. రాధది రాతిగుండె అని మా ఆడపడుచు ఎవరితోనో అన్నదట. అననీ, నాకేం.

మాది మామిడికాయల వ్యాపారం. రైతుల తోటల్ని పూత మీదే కొనేస్తాం. ఆ పైన మందులు కొట్టించడం, కాపలా, కోత అన్నీ మావే. పూత చూసి కాపు ఎంతొస్తుందో చెప్పడంలో మా మార్కెట్లో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆ ఏడు చెట్లు విరగబూశాయి. తోటలోకి అడుగుపెడితే చాలు, తేనెటీగల రొద. ఆయన మాత్రం ఏ తోటా చూడటానికి వెళ్ళలేదు. మైలవరం రోడ్డులో ఒక్క తోటకి ముందే మాటిచ్చి ఉన్నాం కాబట్టి అదొక్కటీ తీసుకున్నాం.

ఒక పొద్దున ఆ తోట కాపలా మనిషి పున్నయ్య ఫోన్ చేశాడు. అయ్యగారు మొదటి బస్సుకే దిగారట. దిగినప్పటినుంచీ బావి గట్టు మీద కూర్చున్నారట. పిలిస్తే పలకడం లేదట. నాకెందుకో భయంగా ఉందమ్మగారూ, మీరు వచ్చెయ్యండి అన్నాడు. ఆటోలో వెళుతూ దారి పొడుగునా దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఒకదాన్ని తీసుకెళ్ళావు, అది చాలలేదా నీకు అన్నాను. ఆటో అబ్బాయి అద్దంలోంచి భయం భయంగా చూశాడు. నేను వెళ్ళేసరికి ఆయన కాళ్ళు బావి లోపలికి వేలాడేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి కాళ్ళు ఇవతలికి తీసుకున్నారు.

"ఏం లేదు, నీళ్ళు ఎంతున్నాయో చూద్దామని" అన్నారు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. ఈ మనిషిని బతికించుకోవాలి. మిగతాదంతా ఏమైపోయినా సరే అనుకున్నాను.

నూజివీడులో చూపించుకోవడానికి ఆయన ససేమిరా ఒప్పుకోరు. నారాయణరావుకి మతి సరిగ్గా లేదటగా అని మార్కెట్లో ఒక్కడు అంటే చాలు, ఇంక ఏ రైతూ మా చేతికి తోట ఇవ్వడు. అందుకని తోట పక్క ఊళ్ళో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి, బీపీ చూపించుకుందాం రండి అని అబద్ధం చెప్పి లాక్కెళ్ళాను. చిన్న పీహెచ్‌సీ. తబితా అని ఒక నర్సు, కీర్తిప్రియ అని కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. మా అక్షయ కంటే ఆరేడేళ్ళు పెద్దదేమో. జడ కూడా అలాగే వదులుగా అల్లుకుంది. నేను మొహం అటు తిప్పుకున్నాను.

తబితా బీపీ చూసింది, బాగానే ఉంది. నీరసం ఎన్నాళ్ళనుంచని డాక్టరమ్మ అడిగింది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది. నేను చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. తర్వాత, కొన్ని ప్రశ్నలు అడుగుతాను, ఇలాంటి నీరసంతో వచ్చినవాళ్ళందరినీ అడిగేవే, ఈ రెండు వారాల్లో ఎలా ఉందో చెప్పండి చాలు అంది. అసలు లేకపోతే సున్నా. కొన్ని రోజులుంటే ఒకటి. సగం రోజులకి మించితే రెండు. దాదాపు రోజూ ఉంటే మూడు.

ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉంటోందా అంది. అబ్బే, లేదండీ అన్నారు. దిగులుగా ఉంటోందా అంది. అదేం లేదండీ అన్నారు. నిద్ర ఎలా పడుతోందంటే, బ్రహ్మాండంగా అన్నారు. పక్కన పడుకుని ఫ్యాను రెక్కలు చూస్తూ ఉండే మనిషి ఇలా చెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన్ని అనుకునీ లాభం లేదు. ఊహ తెలిసినప్పటినుంచీ మార్కెట్లో నలిగిన మనిషి. వ్యాపారస్థుడు తన సరుకు బాగోలేదని ఎదుటివాడికి నోటితో చెప్పడు. కాయ మెత్తబడిపోయినా బ్రహ్మాండం అనే అంటాడు. డాక్టరమ్మ ఎంత మెత్తగా అడిగితే ఆయన అంత మర్యాదగా అబద్ధం చెబుతున్నారు.

అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా నాన్న అదే మార్కెట్లో దళారీ. ఇప్పుడంటే ఫోన్లొచ్చాయి గానీ అప్పట్లో బేరమంతా తుండుగుడ్డ కిందే. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తుండు కప్పుకునేవారు. లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవారు. చుట్టూ ఎంతమంది మూగినా ఆ అంకె వాళ్ళిద్దరికే తెలుస్తుంది. పైకి ఎన్ని కోతలైనా కొయ్యొచ్చు, తుండు కింద మాత్రం అబద్ధం ఆడకూడదు. ఆడినవాడి చేతిలో మళ్ళీ ఎవ్వరూ చెయ్యి పెట్టరు. మా ఆయన ఈడువాళ్ళు పెద్ద బేరాలు ఇప్పటికీ అలాగే చేస్తారు.

మా అక్షయకీ ఆ విద్య వచ్చు. వేసవిలో రసాలు తిని తిని ఒళ్ళంతా సెగ్గడ్డలు తెచ్చుకునేది. ఇవాళ ఎన్ని తింటావే అని ఆయన అడిగితే, నాన్న భుజం మీది తుండు లాగి కింద ఐదు వేళ్ళూ పట్టుకునేది. ఆయన రెండు పట్టుకునేవారు. అది మళ్ళీ ఐదూ పట్టుకునేది. చివరికి ఐదూ తినేది. అదంతా ఇంట్లో ఆట. బయట నలుగురిలో ఆడది తుండు కింద చెయ్యి పెట్టడం మా మార్కెట్ పుట్టాక లేదు.

నేను లేచి ఆయన భుజం మీది తుండు లాగాను. ఆయన కుడిచెయ్యి నా చేతిలోకి తీసుకుని పైన కప్పాను.

"మళ్ళీ మొదట్నుంచీ అడగండమ్మా. ఆయన వేళ్ళతో చెబుతారు, నేను నోటితో చెబుతాను."

తబితా చేస్తున్న పని ఆపేసి చూసింది. ఆయన చెయ్యి లాక్కోబోయారు. నేను వదల్లేదు. పట్టు విషయంలో నేను దళారీ కూతుర్ని.

డాక్టరమ్మ మొదటి ప్రశ్న అడిగింది. కాసేపటికి ఆయన వేళ్ళు నా వేళ్ళని వెతుక్కున్నాయి. మూడు. దిగులు మూడు. నిద్ర మూడు. తిండి రెండు. నేను ఒక్కో అంకే పైకి చెబుతుంటే ఆయన గోడ మీద టీకాల పోస్టరు చూస్తూ కూర్చున్నారు, అదంతా వేరెవరి సంగతో అన్నట్టు. చివరి ప్రశ్న దగ్గర డాక్టరమ్మ గొంతు తగ్గించింది. చచ్చిపోతే బాగుండునని గానీ, మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలని గానీ అనిపిస్తోందా అని అడిగింది.

ఆయన చెయ్యి చల్లబడింది. నా చూపుడువేలు పట్టుకున్నారు. ఒకటేనా, హమ్మయ్య అనుకున్నాను. పక్కవేలు కూడా పట్టుకున్నారు. ఆ తర్వాత మూడోది. మూడూ కలిపి నొప్పి పుట్టేలా పట్టుకున్నారు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నాతో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఆ అంకె నేను పైకి చెప్పాలి. నా మొహం చూసి డాక్టరమ్మే అర్థం చేసుకుంది.

ఆవిడ కంగారు పడలేదు. అదొక్కటే ఆ రోజు నన్ను నిలబెట్టింది. ఇది నీరసం కాదు, ఒట్టి దుఃఖం కూడా కాదు, డిప్రెషన్ అనే జబ్బు అంది. బీపీకీ షుగరుకీ ఉన్నట్టే దీనికీ మందుంది, ఇక్కడే ఇస్తాను అంది. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, ముందు కడుపులో వికారంగా ఉంటుంది, అయినా మానకూడదు. బాగైపోయిందనిపించాక కూడా తనకి చెప్పకుండా ఆపకూడదు. రోజూ కాసేపు నడవాలి, చిన్నదో పెద్దదో ఒక పని చెయ్యాలి. మొదట్లో వారం వారం రావాలి. సెలైన్లకి ఇంక సెలవు. మా ముందే విజయవాడలో మానసిక వైద్యుడికి ఫోన్ చేసి సలహా అడిగింది. ఆ చివరి ప్రశ్నకి అంకె మూడు నుంచి దిగకపోతే అక్కడికి పంపిస్తానంది. తన నంబరు ఇచ్చి ఏ వేళకైనా చెయ్యమంది. ఆయన్ని ఒంటరిగా వదలొద్దంది. చివర్లో నా వైపు తిరిగింది.

"తోటలో పురుగుమందుల గది ఉంటుంది కదమ్మా. దాని తాళంచెవి ఇవాళ్టి నుంచీ మీ దగ్గరే ఉండాలి. ఆయనకి అందకూడదు."

ఆ సాయంత్రమే పున్నయ్య దగ్గర తాళంచెవి తీసుకుని మెడలో గొలుసుకి పిన్నీసు పెట్టి తగిలించుకున్నాను, మంగళసూత్రం పక్కనే. బావికి ఇనప మెష్ వేయించాను.

మొదటి వారాలు చెప్పుకోకూడదు. మాత్ర వేసుకుంటే వికారం, వేసుకోమంటే విసుగు. దిక్కుమాలిన మాత్రలు, ఉన్న కాస్త తిండీ పోయింది అని తబితా మీద ఫోన్లో ఎగిరాను. ఆ పిల్ల ఓపిగ్గా విని, అన్నం తిన్నాక వెయ్యండమ్మగారూ, పదిరోజుల్లో సర్దుకుంటుంది అంది. మా ఆడపడుచు వచ్చి, పిచ్చిమందులు అలవాటు చేస్తున్నావు మా తమ్ముడికి అంది. మీ షుగరు మాత్రలు ఇలా ఇచ్చెయ్యండి వదినా, మీరూ మానెయ్యండి, ఎవరు ముందు పడతారో చూద్దాం అన్నాను. ఆవిడ కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

నేను నిద్రపోయేదాన్ని కాదు. ఎలా పోతాను, మనిషిని కాపలా కాస్తున్నానుగా. ఆయన తింటున్నారా లేదా అని చూడటంతోనే సరిపోయేది, నేనేం తిన్నానో గుర్తుండేది కాదు. పూత మీద పురుగు పడినప్పుడు పున్నయ్య కబురు చేస్తే ఆయన్ని వెంటబెట్టుకుని తోటకి వెళ్ళేదాన్ని. ఆయన్ని దూరంగా మంచం మీద కూర్చోబెట్టి, మందుల గది నేనే తెరిచేదాన్ని. పున్నయ్య కావలసింది తీసుకుని వెళ్ళిపోయాక కూడా నేను ఆ గదిలో కాసేపు నిలబడేదాన్ని. ఎండన పడి వచ్చానేమో, లోపల చల్లగా ఉండేది.

పిందె నిలబడే రోజుల్లో ఆయన ఒకనాడు టీ అడిగారు. తనంతట తనే అడిగారు, నేను పెట్టి ఇవ్వడం కాదు. ఆ టీలో పంచదార వెయ్యడం మర్చిపోయానని విసుక్కున్నారు కూడా. ఇంకోరోజు మందు సరిగ్గా కొట్టలేదని పున్నయ్య మీద కేకలేశారు. పున్నయ్య తిట్లు తింటూ నావైపు చూసి నవ్వాడు. నాకు గంతులెయ్యాలనిపించింది.

వెళ్ళినప్పుడల్లా తుండు కప్పుకోవడం మాకు అలవాటైపోయింది. నాకు ఆ చివరి ప్రశ్న ఒక్కటే కావాలి. మిగతావాటికి ఆయన ఏ వేళ్ళు పట్టుకున్నా సరే, అది వచ్చేసరికి నా ప్రాణాలు అరచేతిలో ఉండేవి. మూడు రెండైంది. చాలా రోజులు రెండు దగ్గరే ఆగింది. డాక్టరమ్మ మోతాదు పెంచింది. రెండు ఒకటైంది. ఇక నోటితో చెప్పొచ్చు కదండీ నారాయణరావుగారూ అని ఆవిడ అంటే, మాకు తుండే అలవాటండీ, నోటి బేరం మీద నమ్మకం లేదు అన్నారు. అని నవ్వారు. అక్షయ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

మొదటి కోతకి రసాలు వచ్చాయి. ఆయన గంపలో వెతికి వెతికి ఐదు పళ్ళు ఏరి, పళ్ళెంలో పెట్టి అక్షయ ఫోటో ముందు పెట్టారు. పెట్టి, ఇల్లు దద్దరిల్లేలా ఏడ్చారు. అన్ని నెలలూ గోడకి చెప్పుకున్నదంతా ఆ పూట బయటికొచ్చింది. ఏడవనిచ్చాను. సాయంత్రం ఆయన ఒక పండు మెత్తగా పిసికి, తొడిమ తీసి నా చేతికిచ్చారు. నాకొద్దు, సెగ్గడ్డలొస్తాయి అని లోపలికి వెళ్ళి పళ్ళెం కడిగాను. ఆయన ఆ పండు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూశారు. ఏం చూస్తారు, వెళ్ళి కూర్చోండి అని కసిరాను.

కోతలు చివరికొచ్చాక మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. తుండు కప్పాను. ఆసక్తి, సున్నా. దిగులు, ఒకటి. నిద్ర, సున్నా. చివరి ప్రశ్న వచ్చింది. ఆయన ఏ వేలూ పట్టుకోలేదు. అరచెయ్యి ఊరికే నా అరచేతి మీద పెట్టి ఉంచారు. వెచ్చగా ఉంది. సున్నా అని నేను గట్టిగానే చెప్పాను. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. మాత్రలు మాత్రం ఇంకా వాడాలండోయ్ అంది. తబితా అందరికీ టీ తెచ్చింది.

ఆయన దక్కారు. నేను కోరుకున్నది అదొక్కటే కదా, దక్కింది. టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే నాకు సంతోషం రాలేదు. ఇంక నాతో ఎవరికీ పని లేదు అనిపించింది, అంతే. ఆ మాట అనిపించగానే ఒళ్ళు తేలికైపోయింది, ఎప్పటినుంచో మోస్తున్న గంప దింపినట్టు. ఇంటికి వెళ్ళేముందు ఒకసారి తోటకి వెళ్ళాలి అనుకున్నాను. ఒక్కదాన్నే.

లేవబోతే ఆయన నా చెయ్యి వదల్లేదు.

"డాక్టరమ్మగారూ, మా ఆవిడని కూడా అడగండి. ఆవిడ వేళ్ళతో చెబుతుంది, నేను నోటితో చెబుతాను."

ఇదేంటండీ చోద్యం, నాకేమైంది అన్నాను. బస్సు వెళ్ళిపోతుంది పదండి అన్నాను. పిల్ల పోయాక నువ్వు కన్నీటి చుక్క పెట్టలేదు రాధా, ఒక్క పండు నోట పెట్టలేదు, నేను గోడకేసి తిరిగి పడుకున్నప్పుడు కూడా నువ్వు కూర్చునే ఉన్నావు, నాకు తెలుసు అన్నారు ఆయన. డాక్టరమ్మ నావైపు చూసింది. ఇన్నాళ్ళూ నేను మిమ్మల్ని ఒక్కసారీ అడగలేదమ్మా అంది. నేను ఆవిడకేసి చూసి నవ్వాను.

"నాకేంటండీ, బ్రహ్మాండంగా ఉన్నాను" అన్నాను.

ఎవ్వరూ నవ్వలేదు. ఆయన తుండు తీసి మా చేతుల మీద కప్పి, అంచులు సర్దారు. అక్షయ కప్పినప్పుడు కూడా అలాగే అంచులు సర్దుకునేది, నాన్న వేళ్ళు ఎవరూ చూడకూడదని.

డాక్టరమ్మ మొదటి ప్రశ్న అడిగింది. సున్నా చెప్పి లేచిపోదామనే అనుకున్నాను. కానీ తుండు కింద అబద్ధం ఆడకూడదు. దళారీ కూతురు అసలే ఆడకూడదు. ఆయన వేళ్ళు మూడు పట్టుకున్నాను. ఆయన పైకి చెప్పారు. తర్వాతది మూడు. నిద్ర మూడు. తిండి మూడు. ఒక్కో అంకెకీ ఆయన గొంతు కిందకి దిగిపోతోంది. గోడ మీద టీకాల పోస్టర్లో ఒక తల్లి బిడ్డనెత్తుకుని నవ్వుతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

చివరి ప్రశ్న అడిగేటప్పుడు డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని నా మోకాలి మీద చెయ్యి వేసింది.

ఆయన చూపుడువేలు పట్టుకున్నాను. పక్కవేలు పట్టుకున్నాను. మూడోదీ పట్టుకున్నాను. ఆయన మూడు అనలేదు. అనలేకపోయారు. "రాధా" అన్నారు, అంతే. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. వానాకాలంలో రావలసింది, ఆ ఎండల్లో వచ్చింది. అక్షయా అని అరిచానట, బయట వరసలో కూర్చున్నవాళ్ళు కూడా లేచి చూశారట. నాకు తెలియదు.

ఎడమచేత్తో మెడలో పిన్నీసు తడుముకుని విప్పాను. మందుల గది తాళంచెవి తీసి తుండు కిందే ఆయన చేతిలో పెట్టాను. ఆయన గుప్పిట మూసుకున్నారు.